ఇంట్లో కూర్చున్నా ఉద్యోగే

(సొసైటీ వార్షిక సభలో ఉద్యోగ సలహా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి నుంచే కంపెనీ ఉద్యోగం చేస్తున్న మన పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీ వారు మాకు అప్పగించారు. మా విభాగానికి వచ్చే తల్లిదండ్రులు ఈ మధ్య ఎక్కువగా అడిగేది దీని గురించే. "సార్, ఇది నిజం నౌకరీయేనా? సంబంధం వాళ్లు అడిగితే ఏమని చెప్పాలె?" అని ఒకరు. "పొద్దంతా ఇంట్లనే ఉంటడు, పిలిస్తే పలుకడు" అని ఇంకొకరు. "ఆఫీసు లేదు, సాబ్ లేడు, నెల కాంగనే పైసలు పడుతున్నయ్, ఇది హలాలేనా?" అని ఒక పెద్దమ్మ అడిగింది. నవ్వులాటకు అడగలేదు, భయంతో అడిగింది. మూడూ సరైన ప్రశ్నలే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు హైదరాబాదు కంపెనీలు తమ మనుషులను ఇళ్లకు పంపాయి. కంప్యూటర్లు ఆటోల్లో ఎక్కించుకొని పిల్లలు నిజామాబాదు, బోధన్, ఆర్మూరు చేరుకున్నారు. అదే ఏడాది నవంబరులో కేంద్ర ప్రభుత్వం కాల్ సెంటర్ల నిబంధనలు సడలించి, వాటి ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయడాన్ని తేలిక చేసింది. అందుకని ఇది కరోనా తెచ్చిన కొత్త సంగతి అని చాలామంది అనుకుంటారు. అమెరికాలో జాక్ నిల్స్ అనే ఆయన దీనికి 1973లోనే టెలికమ్యూటింగ్ అని పేరు పెట్టాడు. ఆయన పేరు పెట్టేనాటికే మన జిల్లాలో, కామారెడ్డిలో, జగిత్యాలలో, కరీంనగర్‌లో వేల ఇళ్లలో ఆడవాళ్లు ఇంట్లో కూర్చొని కంపెనీకి పనిచేస్తున్నారు. ఈ సభలో ఉన్నవాళ్లలో చాలామంది ఆ పని పైసలతో చదువుకున్నవాళ్లే. బీడీల పని గురించి చెబుతున్నాం.

ఆ పని ఎట్లా నడిచేదో పెద్దలకు చెప్పాల్సిన అవసరం లేదు గానీ, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లల కోసం చెబుతాం. తునికాకు, తంబాకు, దారం కంపెనీవి. టేకేదారు తూచి ఇస్తాడు. అమ్మ ఆకు నానబెట్టి, కత్తిరించి, ఒళ్లో చాట పెట్టుకొని చుడుతుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. తీసుకుపోయి ఇస్తే అక్కడ ఏరుతారు. లావుగా ఉన్నవి, వదులుగా ఉన్నవి, ముడి సరిగా పడనివి పక్కకు పోతాయి. పక్కకు పోయినవాటికి పైసలు లేవు, ఆకు తక్కువైతే కోత కూడా ఉంటుంది. పనిచేసే చోటు ఆమె ఇల్లు. టైము ఆమె ఇష్టం. పైన నిలబడి చూసేవాడు లేడు. కాబట్టి యజమానులు ఏమన్నారంటే, "వీళ్లు మా కార్మికులు కారు. ఎవరింట్లో వాళ్లు చుట్టుకుంటున్నారు, మేము కొనుక్కుంటున్నాం" అన్నారు.

ఈ ఒక్క మాట మీద ఏండ్ల తరబడి కొట్లాట నడిచింది. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. ముడిసరుకు తీసుకొని ఇంట్లో చుట్టే మనిషిని కూడా ఆ చట్టం 'ఉద్యోగి' అనే నిర్వచనంలోనే చేర్చింది. ఇంటి కార్మికురాలికి ప్రసూతి సాయం కూడా వర్తించేలా రాసింది. 1977లో ప్రావిడెంట్ ఫండ్‌ను బీడీ పరిశ్రమకు విస్తరించారు. యజమానులు కోర్టుకు పోయారు. 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంట్లో చుట్టేవాళ్లకు కూడా పీఎఫ్ ఉంటుంది అన్నది. కోర్టు చూసింది పని ఎక్కడ జరుగుతోందని కాదు. తెచ్చిన సరుకును బాగుందని తీసుకునే హక్కు, బాగాలేదని తోసేసే హక్కు ఎవరి చేతిలో ఉందని చూసింది. ఆ తోసేసే హక్కే అజమాయిషీ. అది ఉన్నవాడే యజమాని.

తీర్పు వచ్చింది గానీ, పుస్తకంలో పేరు ఎక్కాలి కదా. ఒక్క కార్డు మీద ముగ్గురు చుట్టిన ఇండ్లు మనకు తెలుసు. అత్త పేరు మీద కోడలు చుట్టేది, పెళ్లయి పోయిన బిడ్డ పేరు మీద తల్లి చుట్టేది. చుట్టినన్ని రోజులు తేడా తెలియలేదు. తెలంగాణ వచ్చిన తర్వాత 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి మొదలైంది. 2019లో అది 2,016 అయింది. అది ఎవరికి ఇచ్చారు? గడువు తేదీ నాటికి పీఎఫ్‌లో పేరున్నవాళ్లకు. ముప్ఫై ఏండ్లు చుట్టి, వేళ్లు వంకర తిరిగి, పేరు మాత్రం లేని మనిషి ఆఫీసు ముందు నిలబడి, "నా చేతులు చూడు బిడ్డా" అంటుంటే మేము పక్కనే ఉన్నాం. చేతులు చూసి ఇచ్చే పథకం కాదది.

ఇప్పుడు ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న మనవరాలి సంగతికి వద్దాం.

మన మొహల్లాలో చాలామంది అమ్మాయిలు మెడికల్ కోడింగ్ చేస్తున్నారు. అమెరికాలో ఒక రోగి ఆసుపత్రికి పోతే, డాక్టరు రాసిన చీటీలను చదివి, ఏ జబ్బుకు ఏ అంకె, ఏ చికిత్సకు ఏ అంకె అని వేయడం ఆ పని. ఆ అంకెల మీదే బీమా బిల్లు నడుస్తుంది. బీఎస్సీ, ఫార్మసీ చదివిన పిల్లలకు బాగా నప్పే పని. రోజుకు ఇన్ని చార్టులు అని లెక్క. క్వాలిటీ వాళ్లు కొన్ని తీసి చూస్తారు. నూటికి 95 సరిగ్గా ఉండాలంటారు. తగ్గితే కోత, మళ్లీ తగ్గితే ఇంటికి. ఇది వింటుంటే మీకేం గుర్తొస్తుంది? చాటలో బీడీలు ఏరే చెయ్యి మాకు గుర్తొచ్చింది.

అట్లా పనిచేస్తున్న ఒక చెల్లెలు మా దగ్గరికి వచ్చింది. రెండేండ్లకు పైగా ఒకే కంపెనీకి చేస్తున్నది. పొద్దున తొమ్మిదికి లాగిన్, ఆలస్యమైతే మెసేజ్, సెలవు కావాలంటే టీమ్ లీడర్ అనుమతి. గర్భవతి అయింది. ప్రసూతి సెలవు అడిగితే, "నువ్వు ఉద్యోగివి కాదు, కన్సల్టెంటువి" అని జవాబు వచ్చింది. తాను చేరినప్పుడు ఫోనులోనే వేలితో సంతకం పెట్టిన కాగితం తీసి చూస్తే నిజంగానే అట్లా రాసి ఉంది. నెలనెలా పడిన డబ్బు జీతం కాదు, ఫీజు. పదిశాతం టీడీఎస్ కోసి ఇస్తున్నారు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. కంపెనీ పేరు ఇక్కడ చెప్పం. చెప్పాల్సిన చోట రాశాం.

చట్టం ఏమంటుంది? ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన ఉద్యోగినికి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు జీతంతో సెలవు. 2017లో చేసిన సవరణలో ఇంకో మాట కూడా చేర్చారు. పని అట్లాంటిదైతే, సెలవు అయిపోయాక కూడా ఇద్దరూ ఒప్పుకొని ఇంటి నుంచి చేయించుకోవచ్చని. కానీ ఇదంతా 'ఉద్యోగిని'కి. అమ్మమ్మకు 1966లో కాగితం మీదనైనా దక్కిన హక్కు, డిగ్రీ చదివిన మనవరాలికి ఒక్క పదం మార్చి లేకుండా చేశారు.

మన సొసైటీ వకీలు సాబ్ ఆ చెల్లెలి లాగిన్ రికార్డులు, సెలవు మెసేజులు, క్వాలిటీ షీట్లు అన్నీ అచ్చు తీయించి నోటీసు పంపారు. మొదటి నోటీసుకు పలుకలేదు. రెండోదానికి 12 వారాల డబ్బు ఇస్తామన్నారు. ఆమె తీసుకుంది. పోరాడితే 26 వారాలూ వచ్చేవి కావచ్చు. కానీ పసిబిడ్డను ఎత్తుకొని తారీఖుల చుట్టూ తిరగమని మేము ఏ ముఖం పెట్టుకొని చెబుతాం?

అందుకే చేరే ముందు చూసుకోండి అంటున్నాం. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏదో మదరసా పిల్లలను అడిగితే చెబుతారు. బఖరా సూరాలో 282వది. నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు, అప్పు వ్యవహారాన్ని రాసి పెట్టుకోవడం గురించి. మనవాళ్లు మాత్రం "భాయ్ చెప్పిండు, నమ్మకమే" అంటారు. నమ్మకం ఉండొచ్చు, కాగితం కూడా ఉండాలి. నియామక పత్రంలో 'ఉద్యోగి' అని ఉందా, 'కన్సల్టెంట్' అని ఉందా చదవండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అంటున్నాయి. కాబట్టి అడగడానికి మొహమాటం అక్కరలేదు. జీతం చీటీలో పీఎఫ్ కోత ఉందా, పన్నెండు అంకెల యూఏఎన్ నంబరు ఇచ్చారా, ఆ నంబరుతో పాస్‌బుక్ తెరిస్తే మీ వాటాతో పాటు కంపెనీ వాటా కూడా నెలనెలా పడుతోందా చూడండి. (పీఎఫ్ మీద వచ్చే వడ్డీ సంగతేమిటని వెనుక నుంచి ఒక సోదరుడు అడుగుతున్నారు. అది ఉలమాను అడగవలసిన ప్రశ్న. ఇమామ్ సాబ్ ఇక్కడే ఉన్నారు.)

పని చేసే చోటు ఏదని రాశారో కూడా చదవండి. 'కంపెనీ పిలిచినప్పుడు ఆఫీసుకు రావాలి' అనే వాక్యం దాదాపు ప్రతి పత్రంలో ఉంటుంది. టీసీఎస్ లాంటి పెద్ద కంపెనీయే 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మన్నది. ఇంట్లోనే ఉంటాను కదా, హైదరాబాదు కిరాయి మిగులుతుంది కదా అని లెక్క వేసుకొని, ఆ మిగులు మీద ఇంటికి అప్పు తీసుకున్న కుటుంబాలు ఇబ్బంది పడ్డాయి. ఈ వెసులుబాటు కంపెనీది, మనది కాదు.

ఇక మోసాలు. తక్కువ మాటల్లో చెబుతాం, ఎందుకంటే దీంట్లో ఆలోచించాల్సింది తక్కువ. ఉద్యోగం ఇచ్చేవాడు మీ దగ్గర డబ్బు తీసుకోడు. రిజిస్ట్రేషన్ అని, ట్రైనింగ్ అని, ల్యాప్‌టాప్ డిపాజిట్ అని అడిగితే ఫోన్ పెట్టేయండి. ఫారాలు నింపే పని ఇచ్చి, వారం తర్వాత "తప్పులు చేశావు, అగ్రిమెంటు ప్రకారం జరిమానా కట్టు, లేదంటే కేసు" అని వకీలు పేరుతో కాగితం పంపుతారు. భయపడి కట్టకండి, మా దగ్గరికి తీసుకురండి. హోటళ్లకు స్టార్లు ఇవ్వమని మొదట రెండు వందలు ఇచ్చి, తర్వాత "ముందు నువ్వు పది వేలు వెయ్యి" అనేది ఉద్యోగం కాదు, గాలం. అన్నిటికంటే ప్రమాదం ఏమిటంటే, "నీ బ్యాంకు ఖాతా వాడుకోనియ్, నెలకు ఇంత ఇస్తా" అనడం. ఆ ఖాతాలో ఎవరో మోసపోయినవాడి సొమ్ము పడుతుంది. పోలీసులు ముందు మీ ఇంటికే వస్తారు. పైసలు పోయిన గంటలోపే 1930కి ఫోన్ చేస్తే ఆపగలిగే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెడితే ఆ అవకాశం పోతుంది.

ఇప్పటిదాకా కంపెనీ మనకు ఏమివ్వాలో చెప్పాం. పెద్దమ్మ అడిగిన ప్రశ్న మిగిలే ఉంది, హలాలేనా అని.

కొలతల్లో తగ్గించేవాళ్ల పేరు మీదనే ఒక సూరా ఉందని మీకు తెలుసు. అల్ ముతఫ్ఫిఫీన్, 83వది. తాము తీసుకునేటప్పుడు నిండా తీసుకొని, ఎదుటివాడికి ఇచ్చేటప్పుడు తక్కువ చేసే మనిషి గురించి అది. కిరాణా దుకాణం తక్కెడ గుర్తొస్తుంది మనకు. ఎనిమిది గంటల జీతం నిండా తీసుకొని ఐదు గంటలు ఇచ్చినా తక్కెడ అదే కదా. మౌస్ దానంతటదే కదిలే చిన్న యంత్రం దొరుకుతుందట, స్క్రీను మీద మనిషి ఉన్నట్టే పచ్చ చుక్క వెలుగుతుందట. ఒక కుర్రవాడు గొప్పగా చూపించాడు. తెలివైన పిల్లవాడే. ఆ తెలివితో ఆరోజు పని రెండు గంటల్లో నిజంగా పూర్తయితే, ఆ మాట టీమ్ లీడర్‌కు చెప్పి ఇంకో పని నేర్చుకోవచ్చు.

రెండు కంపెనీల్లో ఒకేసారి చేయడం గురించి కూడా అడుగుతున్నారు. 2022 సెప్టెంబరులో విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, తమ దగ్గర ఉంటూనే పోటీ కంపెనీలకు కూడా పనిచేస్తున్న 300 మందిని గుర్తించి తొలగించినట్లు బహిరంగంగా చెప్పారు. మోసం అనే మాట వాడారు. మా అభిప్రాయం ఏమిటంటే, సెలవు రోజున ట్యూషన్ చెప్పుకోవడం, సాయంత్రం అబ్బా దుకాణంలో కూర్చోవడం వేరు. ఒకరికి అమ్మిన గంటనే ఇంకొకరికి అమ్మడం వేరు. పత్రంలో వద్దని రాసి ఉండగా సంతకం పెట్టాక, మనిచ్చిన మాటకు మనం కట్టుబడాలి. కంపెనీ ఎక్కువ లాభం తింటుందన్న సాకు దానికి జవాబు కాదు.

అమానత్ సంగతి గంటలతో అయిపోదు. మెడికల్ కోడింగ్ చేసే పిల్ల ముందు ఎవరో ఒక అమెరికా ఆడమనిషి జబ్బు మొత్తం తెరిచి ఉంటుంది. అట్లాంటి వివరాలు బయటపడకూడదని అక్కడ 1996లోనే చట్టం చేశారు, హిపా అంటారు. మన ఇండ్లలో స్క్రీను ముందు నుంచి చిన్నాన్న కొడుకులు, పక్కింటి పిల్లలు అందరూ పోతుంటారు. "చూడు ఈమెకు ఏం జబ్బో" అని చూపిస్తే అది సరదా కాదు. మన ఇంటి ఆడవాళ్ల చీటీలు ఎవరో అట్లా చదివితే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

తక్కెడకు రెండు పళ్లాలు. తొమ్మిది గంటల షిఫ్టు పన్నెండు గంటలు చేయించి, రాత్రి పదకొండుకు "చిన్న కాల్" అనేవాడు కూడా ముతఫ్ఫిఫే. కూలివాడి చెమట గురించి దైవప్రవక్త (స) చెప్పిన మాట ఈ సభలో తెలియనివారు లేరు. ఏసీ గదిలో చెమట పట్టకపోవచ్చు, కండ్లు మాత్రం ఎర్రబడతాయి. మన బిరాదరీలో కూడా ఇప్పుడు పదిమందిని పెట్టుకొని ఆన్‌లైన్ పని నడిపేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఈ మాట తమ కోసం అనుకుని వినాలి.

ఇంటివాళ్లకు ఒక విన్నపం. ఇంట్లో ఉన్నాడు అంటే ఖాళీగా ఉన్నాడని కాదు. గ్యాస్ బండ దించాలన్నా, ఖాలాను బస్టాండు దాకా దింపాలన్నా వాడినే లేపితే వాడి పని రాత్రికి జారుతుంది. అబ్బాయిల సంగతి ఇట్లా ఉంటే కోడళ్ల సంగతి ఇంకా కష్టం. షిఫ్టు తొమ్మిదికి, వంట అంతకు ముందే, చుట్టాలు వస్తే మధ్యలో చాయ్. ఆమె జీతం ఇంటికి కావాలి, ఆమె పని మాత్రం ఇంటికి కనబడదు. రంజాన్‌లో అమెరికా షిఫ్టు చేసే అమ్మాయి తెల్లవారుజామున లాగౌట్ అయి నేరుగా సెహ్రీ పొయ్యి దగ్గరికి పోతున్నది. ఆ ఒక్క నెలైనా సెహ్రీ మగవాళ్లు వండితే ఏమవుతుంది? దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో చేయి వేసేవారని జుమా ఖుత్బాల్లో వింటూనే ఉన్నాం కదా. అల్హమ్దులిల్లాహ్, ఇంటి పని వల్ల జొహర్, అసర్ వేళకు దొరుకుతున్నాయని పిల్లలు సంతోషంగా చెబుతారు. నిజమే. కానీ ఇంట్లోనే చదివి ఇంట్లోనే పనిచేసి, జుమాకు తప్ప గడప దాటని కుర్రవాళ్లు కూడా తయారవుతున్నారు. మస్జిదు రెండు గల్లీల దూరం. నడిచి రండి. మెడకు మంచిది, మనసుకు మంచిది.

చివరగా సొసైటీ తీసుకున్న నిర్ణయం. షాదీఖానా పై అంతస్తులో ఒక గది పని కోసం తయారవుతోంది. పన్నెండు బల్లలు, ఇన్వర్టరు, రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్. ఆడపిల్లలకు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు వరకు, మగపిల్లలకు మగ్రిబ్ తర్వాత. రెండు గదుల ఇంట్లో ఏడుగురు ఉండే పిల్లకు ముందు చోటు. దీనికి జకాత్ సొమ్ము వాడటం లేదు. జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలు ఖుర్ఆన్‌లోనే ఉన్నాయి, బల్లలు, వైర్లు వాటిలో లేవు. గది ఖర్చు అంతా సదఖా, లిల్లాహ్ చందాలతోనే. అర్హులైన పేద పిల్లలకు ల్యాప్‌టాపులు మాత్రం ఇమామ్ సాబ్‌ను, ముఫ్తీ సాబ్‌ను అడిగి జకాత్ నుంచి కొంటున్నాం. అట్లా ఇచ్చిన ల్యాప్‌టాప్ ఆ పిల్ల సొంతం అవుతుంది, సొసైటీది కాదు. పని మారితే తిరిగి ఇవ్వమని అడగం, అడిగే హక్కు మాకు లేదు.

నియామక పత్రాలు చదివి చెప్పడానికి మేము ప్రతి ఆదివారం అసర్ తర్వాత కింది గదిలో ఉంటాం. సంతకం పెట్టక ముందు తీసుకురండి. ఫోనులో ఉంటే అచ్చు తీసి తెండి, మాలో ఇద్దరికి అద్దాలు పెట్టుకున్నా చిన్న అక్షరాలు కనబడవు.